చుక్కాని ఎవరి చేతిలో?



మా ఆయనా నేనూ కొన్నాళ్ళు తెరచాప పడవలోనే కాపురం చేశాం. బహామాస్‌లోని ఎగ్జూమా దీవుల దగ్గర, జనసంచారం లేని చోట్ల లంగరు వేసుకుని ఉండేవాళ్ళం. వినడానికి ఎంత స్వేచ్ఛ! కానీ మాతోపాటు మన వంటిల్లూ ఆ పడవెక్కింది. చుక్కాని ఆయనది, పొయ్యి నాది.

అక్కడ ఎక్కువగా తూర్పుగాలి. అందుకే దీవికి పడమటి పక్కన, చాటున లంగరు వేస్తారు. చలికాలంలో ఒక్కోసారి గాలి దక్షిణం మీదుగా పడమటికి తిరుగుతుంది. ఇక చాటుండదు. ఒక రాత్రి అదే జరిగింది. ఆయన జ్వరంతో లేవలేకపోయారు. లంగరు జారి పడవ రాళ్ళవైపు పోతోంది. నాకు ఇంజను వేయడం కూడా రాదు. ఆయన పడుకునే చెబుతుంటే, వణుకుతూ లంగరెత్తి, ఒడ్డుకు దూరంగా మళ్ళీ వేశాను. నీటి లోతు 3 మీటర్లు, నీటిపైన పడవ ముక్కు ఎత్తు 1 మీటరు. మొత్తానికి ఏడు రెట్లు, 28 మీటర్ల గొలుసు వదలాలి. ఇంతే లెక్క! ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

తెల్లారాక రెండు అడిగాను. చుక్కానీ పొయ్యీ వంతులవారీగా ఉండాలి. పడవ కాగితాల్లో నా పేరూ ఉండాలి. నడిసముద్రంలో 'ఇది నా ఇల్లు' అంటే ఎటు పోతాం?

2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళలు 'తారిణి' పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగువాళ్ళే. వాళ్ళకు నేర్పారు, నేర్చుకున్నారు. ఇంట్లోనూ ఆ హక్కు అడుగుదాం.