గోదావరి వెంట సైకిలు ప్రయాణము
(మన సంఘ యువజనుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రానున్న చలికాలములో మన పిల్లలను నాందేడు నుండి బాసర వరకు సైకిళ్లపై తీసికొని పోవలెనని సంఘ కార్యవర్గము తలచినది. ఈ మాట బయటికి వచ్చిన నాటి నుండి మాకు రెండు ప్రశ్నలు ఎదురగుచున్నవి. పిల్లలు "ఎప్పుడు?" అని అడుగుచున్నారు. తల్లిదండ్రులు "ఎందుకు? రైలు లేదా?" అని అడుగుచున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు సులభము. రెండవదానికి కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

రైలున్నది. 1900 ప్రాంతమున గోదావరి లోయ రైలుమార్గము పడిన నాటి నుండి మనవారి రాకపోకలన్నియు దానిమీదనే సాగినవి. కాని ముద్‌ఖేడు, ఉమ్రీ, కర్ఖేలీ, ధర్మాబాదు అను పేర్లు నేటి మన పిల్లలకు స్టేషను పలకల మీది అక్షరములు మాత్రమే. రాత్రి బండి ఎక్కినవారికి ఆ అక్షరములు కూడ కనబడవు. నాందేడులో కన్నుమూసి హైదరాబాదులో కన్ను తెరచుదురు. అందువలన తెలుగు అనునది హైదరాబాదులో మొదలగుననియు, మనము ఎక్కడినుండియో వచ్చి ఇచ్చట పడినవారమనియు వారు తలచుచున్నారు. "మీ ఊరేది?" అని బడిలో అడిగినచో "మేము ఆంధ్రావాళ్లము" అని చెప్పు బాలుని మేమెరుగుదుము. వాని ముత్తాత పుట్టినది కూడ ఈ నాందేడులోనే. ఆంధ్రమున వాడు పేరు చెప్పదగిన గ్రామమొక్కటియు లేదు.

పెద్దలకు తెలిసిన సంగతియే అయినను పిల్లల కొరకు చెప్పుచున్నాము. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాజ్యములోనిది. ఆనాడు రాష్ట్రములను భాషనుబట్టి విడదీసినప్పుడు ముధోలు తాలూకాలోని ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్లును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును నాందేడు జిల్లా నుండి తీసి ఆంధ్రప్రదేశమున కలిపిరి. మిగిలినది బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1960 మే 1న మహారాష్ట్ర అయినది. అనగా, నేడు మనము పొరుగు రాష్ట్రపు పుణ్యక్షేత్రమని పోవుచున్న బాసర, ముధోలు వైపుననే యుండుటచేత, మన తాతల కాలమున మన జిల్లాలోనిదే. 2014లో తెలంగాణ రాష్ట్రము, 2016లో నిర్మల్ జిల్లా ఏర్పడి దాని చిరునామా మరి రెండు మారులు మారినది. గీత గీసినవారు సర్కిళ్ల లెక్కన గీసిరి. మాట్లాడువారి నోటిలో అట్టి గీత లేదు. బిలోలీ, ధర్మాబాదు, దెగ్లూరు పల్లెలలో నేటికిని తెలుగు వినబడును. మరాఠీ మాటలు కలిసిన తెలుగు అది. విన్నవారు కొందరు నవ్వుదురు. మాకు మాత్రము అది నవ్వవలసిన భాషగా తోచదు.

ఈ సంగతి పుస్తకములో చదివినచో పిల్లలకు పరీక్ష వరకు గుర్తుండును. చెవితో వినవలెను. అందుకు తగిన వేగము సైకిలుది. గంటకు పండ్రెండు, పదునైదు కిలోమీటర్లు. కారు అద్దములు ఎత్తుకొని పోవును. నడకకు రోజులు చాలవు. సైకిలు మీదివాడు చెట్టు క్రింద కూర్చున్న ముసలివానిని దాటిపోలేడు. దాహమునకైన ఆగును, దారి అడుగుటకైన ఆగును. ఆగినచో మాట కలియును. ఈ దారిలో కొన్ని మాటలు ఏ సరిహద్దు వద్దను మారవు. ఊరి శివారు ఇటు శివారే, అటు శివారే. పిండి మర ఇటు గిర్ని, అటును గిర్నియే. కొన్ని మారును. లేత జొన్నకంకులను నిప్పులపై కాల్చి నలిపిన గింజలను మన మరాఠీ సోదరులు హుర్డా అందురు. అదే మన ఊచబియ్యము. ఆ మాట మీ ఇండ్లలో ఎందరు పిల్లలు ఎరుగుదురో ఈ రాత్రి అడిగి చూడుడు.

నదివెంట సైకిలుపై పల్లెలు చూచుట మనము కనిపెట్టిన విషయము కాదు. ఫ్రాన్సు దేశమున ఇది శతాబ్దమునకు పైబడిన అలవాటు. ఫ్రాన్సు అనగానే 1903లో మొదలైన 'టూర్ ద ఫ్రాన్స్' పందెమును మన యువకులు తలచుదురు. మాకు ఆ పందెము కన్న, పందెము పెట్టుకొనక తిరిగినవారి కథ ఎక్కువ నచ్చినది. వెలోసియో అను మారుపేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ 1853లో పుట్టినవాడు. సాంతెతియెన్ పట్టణమున పట్టు వ్యాపారము చేసికొనుచుండెను. మనవంటి వర్తకుడు. తరువాత ఆ వ్యాపారము విడిచి, 1887లో సైకిళ్ల వర్తకము పెట్టి, యాత్రికుల కొరకు ఒక పత్రికను కూడ నడపెను. శాకాహారి అని చెప్పినచో మన తల్లులు సంతోషింతురు. 1930లో ట్రాము తగిలి మరణించు వరకు కొండదారులలోను, లోయలలోను తిరుగుచునే యుండెను. ఆకలి వేయక మునుపే కొంచెము తినుమనియు, దప్పిక కాక మునుపే త్రాగుమనియు, గొప్పకొరకు త్రొక్కవలదనియు ఆయన తన వెంట వచ్చువారికి బోధించెను. ఎక్కుడుదారిలో గేరు మార్చుకొనుట తప్పు కాదని ఆయన వాదించుచుండగా, పందెమువారు దానిని బలహీనుల పని అనిరి. టూర్ పందెమున ఆ సాధనమును అందరికి అనుమతించినది 1937లో మాత్రమే. ఎవరి మాట నిలిచినదో నేటి సైకిళ్లను చూచిన తెలియును.

ఆ దేశమున 1936లో కూలివారికి రెండు వారముల జీతపు సెలవు చట్టమైనది. కార్ఖానా విడిచి ఎన్నడును ఊరు దాటనివారు ఆ వేసవిలో సైకిళ్లు, ఇద్దరు త్రొక్కు జంటసైకిళ్లు ఎక్కి తమ దేశమును తామే చూడబోయిరి. నేడు లువార్ నది పొడవున సుమారు 900 కిలోమీటర్లు సైకిలు దారి యున్నది. చిన్న రోడ్లపై వాహనములు తక్కువ. నీరు కావలసినప్పుడు యాత్రికులు ఊరి శ్మశానవాటికలోని కొళాయి వద్ద సీసాలు నింపుకొందురట. మన పిల్లలకు ఆ అవసరము రాదు. మన పల్లెలో నీరడిగినవానికి మంచినీళ్లతోబాటు టీ కూడ ఇచ్చి, ఎవరి అబ్బాయివని అడిగిన గాని పోనీయరు.

లువార్ పొడవు వేయి కిలోమీటర్లు. మన గోదావరి 1,465 కిలోమీటర్లు. దానివెంట సైకిలు దారి ఎవరును వేయలేదు. ఉన్న దారినే ఎంచుకొనవలెను. నరసీ, దెగ్లూరు మీదుగా హైదరాబాదు పోవు జాతీయ రహదారి మాకు పనికిరాదు, అది లారీలది. ఉత్తరపు ఒడ్డున ముద్‌ఖేడు, ఉమ్రీ, ధర్మాబాదు మీదుగా పోవుదుము. బాసర వరకు 80, 90 కిలోమీటర్ల నడుమ నుండును. పూలతోటల ముద్‌ఖేడులో ఉపాహారము. ఉమ్రీలో 1948 నాటి బ్యాంకు కథను, అనగా నిజాము పాలనను ఎదిరించినవారు ఆ బ్యాంకు ధనమును స్వాతంత్ర్య పోరాటమునకై పట్టుకొనిన కథను, పిల్లలకు అచ్చటనే నిలబడి చెప్పవలెను. రాత్రి ధర్మాబాదులో బస. ఎర్రమిరప వర్తకమునకు పేరుపొందిన ఆ ఊరిలో మన వర్తకులకు పరిచయములు కలవు.

చలికాలమనుటకు ఎండ ఒక్కటియే కారణము కాదు. వానలలో ఈ నల్లరేగడి మన్ను చక్రమునకును, మడ్‌గార్డుకును నడుమ చేరి సైకిలును కదలనీయదు. భుజముపై మోయవలసి వచ్చును. మరియొక కారణము నది. 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారము ధర్మాబాదు సమీపపు బాబ్లీ ఆనకట్ట గేట్లు జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచియుండవలెను. ఆ పిమ్మట మూసినచో నీరు నిలుచును. రెండు రాష్ట్రములు తగవులాడిన ఆ నీటిని పిల్లలు కన్నులార చూడవలెను. రెండవనాడు ఉదయము బాసర. వీలున్నచో కందకుర్తి కూడ. అచ్చట మంజీర వచ్చి గోదావరిలో కలియును. నీరు నిండినప్పుడు మునిగి, తగ్గినప్పుడు బయటపడు పాత శివాలయమొకటి నదిలో నున్నది.

బాసరను గూర్చి ఒక మాట. మనలో అనేకులు పిల్లలకు జ్ఞానసరస్వతి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించితిరి. కారులో తీసికొనిపోయి, పలకపై చేయిపట్టి వ్రాయించి, ఛాయాచిత్రము తీసి, సాయంత్రమునకు ఇల్లు చేరితిరి. ఆ పలకపై వ్రాసినదే కొందరు పిల్లలకు మొదటి తెలుగు అక్షరము, కడపటిది కూడ. ఇంటిలో తల్లి తెలుగున అడుగును, బిడ్డ మరాఠీలో జవాబు చెప్పును. మరాఠీ మన అన్నము పెట్టిన భాష, దానిపై మాకు ఏ కినుకయు లేదు. కాని ఈ మాటకు మాట అందని తీరు ఇంకొక తరము సాగినచో తల్లి కూడ తెలుగున అడుగుట మానును. ఈ ప్రయాణమున ప్రతి పిల్లవాడును దారిలో వినిన తెలుగు మాటలు పది వ్రాసికొని రావలెనని మా నియమము. వానిని ఈ పత్రికలోనే అచ్చు వేయుదుము.

ఇక పెద్దల అభ్యంతరములు. "సైకిలు పాలవానికి, కూలివానికి, మనకేల?" అని ఒకరు అనిరి. మన వృద్ధ వర్తకులలో కొందరు సైకిలు వెనుక బట్టల మూట కట్టుకొని సంతలకు పోయినవారే. నేటి దుకాణముల అద్దపు బీరువాలు ఆ మూటలలోనుండి వచ్చినవి. ఆడపిల్లల మాట మరికొందరు ఎత్తిరి. బిహారు ప్రభుత్వము 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చినది. దానివలన బడికి పోవు బాలికలు పెరిగిరని పరిశోధకులు తేల్చిరి. బిహారు పల్లెలలో ఆడపిల్ల త్రొక్కగలిగిన సైకిలును నాందేడు ఆడపిల్ల త్రొక్కలేదా? తల్లులు ఇద్దరు ముగ్గురు వెంట వత్తుమన్నారు. వారు వచ్చుట మాకు ధైర్యము.

భయపడవలసినది ఒక్కటి కలదు, దానిని దాచము. చలికాలము చెరకు కాలము. రెండేసి ట్రాలీలు తగిలించిన ట్రాక్టర్లు వెనుక దీపము లేక పోవుచుండును. కాబట్టి సూర్యోదయమునకు ముందు గాని, సూర్యాస్తమయము తరువాత గాని ఎవరును రోడ్డుపై నుండరాదు. ఈ నియమము తప్పినవానిని, మా ఇంటి బిడ్డయైనను, దగ్గరి స్టేషనులో రైలెక్కించుదుము.

పదునాలుగు ఏండ్లు నిండినవారు రావచ్చును. తండ్రి గాని తల్లి గాని వ్రాసిన ఉత్తరము కావలెను. బ్రేకులు, చైను, టైర్లు ముందు ఆదివారము సంఘ భవనమున తనిఖీ చేయబడును. తుమ్మముండ్ల దారి గనుక ప్రతి నలుగురికి ఒక పంపు, ప్యాచీలు, సొల్యూషను ఉండవలెను. పంక్చరు వేయుట రానివారికి ఆనాడే నేర్పుదుము. తిరుగు ప్రయాణము బాసర నుండి రైలులో. సైకిళ్లను లగేజిగా బుక్ చేయవలసియున్నందున పేర్లు ముందుగానే తెలియవలెను. పుస్తకము కార్యదర్శిగారి వద్ద నున్నది.