వెలుతురును గుర్తుపట్టే జన్యువులు - మన మేత పైర్లు

(సభ్య సంఘాల ప్రతినిధుల శిక్షణ తరగతిలో పశుగ్రాస విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాడి ఖర్చులో పెద్ద పద్దు మేతదే. మేత దిగుబడి పెంచే కొత్త విద్య ఏదైనా వచ్చిందంటే మనం శ్రద్ధగా వినవలసిందే. ఈ మధ్య అటువంటి మాట ఒకటి వినవస్తోంది. పైరులో వెలుతురును గుర్తుపట్టే జన్యువులను మార్చితే మొక్క పెరిగే తీరు మారుతుందని, దిగుబడి పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇందులో నిజం ఎంత, పాడి రైతుకు ఒరిగేది ఏమిటి, జాగ్రత్త పడవలసింది ఎక్కడ అన్న మూడు విషయాలు ఈరోజు మీకు మనవి చేస్తాం.

మొక్కకు వెలుతురుతో రెండు పనులు

ఎండతో మొక్క తన ఆహారం తయారుచేసుకుంటుందని మనందరికీ తెలుసు. ఇది మొదటి పని. రెండో పని అంతగా ప్రచారంలో లేదు. మొక్క వెలుతురును బట్టి తన పక్కన ఎవరున్నారో, ఏ కాలం నడుస్తోందో తెలుసుకుంటుంది. ఇందుకు దానిలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది.

దీని జాడ దొరికింది అమెరికాలో, మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో. 1952లో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు లెట్యూస్ అనే ఆకుకూర గింజలను తడిపి, వాటి మీద ఎరుపు వెలుతురు వేశారు. గింజలు మొలిచాయి. ఎరుపు తరువాత కంటికి సరిగా ఆనని ముదురెరుపు వెలుతురు వేస్తే చాలా గింజలు మొలవలేదు. మళ్ళీ ఎరుపు వేస్తే మొలిచాయి. ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా, చివర వేసిన వెలుతురే చెల్లింది. అంటే గింజలో దీపం స్విచ్చిలాంటిది ఏదో ఉందన్నమాట. ఎరుపు దానిని వేస్తుంది, ముదురెరుపు తీస్తుంది. 1959లో అదే కేంద్రంలో ఆ పదార్థాన్ని పరికరంతో పసిగట్టగలిగారు. అదే ఫైటోక్రోమ్. దానిని తయారుచేసే జన్యువులనే మనం వెలుతురును గుర్తుపట్టే జన్యువులు అంటున్నాం.

ఇరుకులో ఉన్న పైరు

పచ్చని ఆకు ఎరుపు వెలుతురును తాను మింగేస్తుంది. ముదురెరుపును చాలావరకు కిందికి వదిలేస్తుంది, పక్కకు తిప్పికొడుతుంది. కనుక మొక్కలు చిక్కగా ఉన్నచోట ఎరుపు తక్కువ, ముదురెరుపు ఎక్కువ. నీడ ఇంకా పడకముందే, పక్క మొక్క ఆకుల నుంచి వచ్చే ముదురెరుపును బట్టి మొక్క పోటీని పసిగడుతుంది. ఈ సంగతిని 1990లో అర్జెంటీనా శాస్త్రజ్ఞులు నిరూపించారు.

పోటీ ఉందని తెలిసిన మొక్క ఏం చేస్తుంది? ఉన్న ఆహారాన్ని కాండానికి పెట్టి గబగబా పైకి లేస్తుంది. ఆకుకు, పిలకకు, వేరుకు, గింజకు పెట్టవలసినది తగ్గిస్తుంది. విత్తనం మరీ ఒత్తుగా పడిన జొన్న చేను చూడండి. కాడలు సన్నగా, పొడుగ్గా లేస్తాయి. అడుగు ఆకులు పండిపోతాయి. గాలివాన వస్తే చేను పడిపోతుంది.

అడవిలో పెరిగే మొక్కకు ఈ గుణం మేలు చేస్తుంది. పక్కదానికంటే పైకి లేచినదే బతుకుతుంది. కాని మన చేలో ఉన్నవన్నీ ఒకే విత్తనం మొక్కలు. అన్నీ కలిసి లేస్తే ఏ ఒక్కదానికీ అదనంగా ఎండ దొరకదు. పోటీకి పెట్టిన ఆహారం మాత్రం వృథా అవుతుంది. ఈ పోటీ గుణాన్ని కొంత తగ్గిస్తే ఆ ఆహారం మనకు కావలసిన భాగానికి మళ్ళుతుంది కదా అన్నదే శాస్త్రజ్ఞుల ఆలోచన.

జరిగిన ప్రయోగాలు

ఇంగ్లండులోని లీసెస్టర్ విశ్వవిద్యాలయంలో హ్యారీ స్మిత్ బృందం ఓట్స్ మొక్కలోని ఫైటోక్రోమ్ జన్యువును పొగాకులో పెట్టింది. ఆ పొగాకును పొలంలో ఒత్తుగా నాటితే పోటీపడి సాగలేదు, పైగా పొట్టిగా నిలిచింది. మొక్క ఆహారం ఆకుకు మళ్ళింది. మొత్తం మొక్కలో ఆకు వాటా 15 నుంచి 20 శాతం మెరుగుపడిందని 1996లో ప్రకటించారు. పొగాకులో అమ్ముకునేది ఆకే. మేతలోనూ పశువు ముందుగా ఎంచుకుని తినేది ఆకే కనుక ఈ ప్రయోగం మనకూ ఆసక్తికరమే.

2003లో అర్జెంటీనాలో బంగాళాదుంప మీద పొలం ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క నుంచి ఫైటోక్రోమ్-బి జన్యువు తెచ్చి పెట్టారు. ఒత్తుగా నాటినప్పుడు దుంప దిగుబడిలో వచ్చే నష్టం ఈ మొక్కల్లో తగ్గింది. మేలు కనబడింది ఒత్తుగా నాటినచోటనే అన్నది గుర్తుంచుకోవాలి.

2006లో మన దేశపు రకం పూసా బాస్మతి-1 మీద అమెరికాలో జరిగిన ప్రయోగం వెలువడింది. ఫైటోక్రోమ్-ఎ జన్యువు చేర్చిన వరిలో మొక్క ఎత్తు తగ్గింది, కంకుల సంఖ్య పెరిగింది, ధాన్యం 6 నుంచి 21 శాతం ఎక్కువ వచ్చింది.

వరి పండించే రైతుకు ఇది శుభవార్త. అదే రైతు ఇంటి గేదె పక్షాన మనం ఇంకో ప్రశ్న వేయాలి. ఎత్తు తగ్గిన ఆ వరిలో గడ్డి ఎంత వచ్చింది? దాని నాణ్యత ఏమిటి?

జొన్న సంగతి

జొన్నలో ఈ కథ మన ఇంటి కథలాగే ఉంటుంది. పాత నాటు జొన్నలు పగటి పొడవును లెక్కపెడతాయి. వానాకాలంలో కొంచెం ముందు విత్తినా, వెనక విత్తినా, పగలు తగ్గే రోజులు వచ్చాకనే పొట్టకు వస్తాయి. అంతవరకు ఆకు, కాండం పెంచుకుంటాయి. అందుకే వాటి చొప్ప ఎక్కువ.

ఈ గుణాన్ని నడిపే జన్యువుల గురించి టెక్సాస్‌లో క్విన్బీ, కార్పర్ అనే శాస్త్రజ్ఞులు 1945లోనే రాశారు. వాటిలో ఒకటి ఫైటోక్రోమ్-బి జన్యువే అని 1997లో అదే రాష్ట్రంలో తేలింది. ఆ జన్యువు చెడిపోయిన జొన్న ఒకటి ఉంది. ఎండలో ఉన్నా ఎప్పుడూ నీడలో ఉన్నట్లే పెరుగుతుంది. కాడ సాగిపోతుంది, ఆకు పాలిపోతుంది, పిలకలు తగ్గుతాయి, తొందరగా పూతకు వస్తుంది. ఒక్క జన్యువు ఇన్ని గుణాలను ముడిపెట్టి నడుపుతోంది. ఒకటి బాగుచేయబోతే మరొకటి కదులుతుంది. కనుక ఇది తొందరపడవలసిన పని కాదు.

ఏ దిగుబడి పెరిగింది?

దిగుబడి పెరిగిందంటే ఏ దిగుబడి అని మనం అడగాలి. 1964లో మన దేశపు తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 విడుదలైంది. పొట్టి రకం, త్వరగా కోతకు వచ్చే రకం. గింజ పెరిగింది. కాని నాటు జొన్నలాగా చొప్ప రాలేదు. గింజను తూచిన కాటా మీద చొప్పను తూచలేదు. గేదెలున్న ఇంట్లో ఆ లోటు తెలిసింది.

చొప్పకు విలువ లేదనుకోవడం పొరపాటు. హైదరాబాదు డెయిరీలకు అమ్మే జొన్న చొప్ప మీద అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. చొప్పల్లో జీర్ణమయ్యే భాగం సుమారు 47 నుంచి 52 శాతం వరకు ఉంది. ఆ అయిదు పాళ్ల తేడాకే ధరలో 25 శాతం, ఇంకా పైబడి తేడా వచ్చింది. కొనేవారి దగ్గర ప్రయోగశాల లేదు.  బజారు గుర్తించిన ఈ విలువను విత్తనం తయారుచేసేవారు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకొక మాట. పచ్చిమేత జొన్నను మనం కావాలనే కాస్త చిక్కగా విత్తుతాం. కాడ సన్నబడితే పశువు వదలకుండా తింటుంది. గింజ రైతుకు పోటీ గుణం పూర్తిగా పోవాలి. మేత రైతుకు అది కొంత ఉండాలి. కనుక గింజ కోసం మార్చిన రకం మేతకు కూడా మంచిదని అనుకోకూడదు.

చట్టం సంగతి

మన దేశంలో రైతులు అనుమతితో సాగుచేస్తున్న జన్యుమార్పిడి పైరు 2002లో వచ్చిన బి.టి. పత్తి ఒక్కటే. బయటి జన్యువు చేర్చకుండా మొక్క సొంత జన్యువునే సవరించిన రకాలకు 2022లో కేంద్రం కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ దారిలో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి రూపొందించిన కమల అనే రకాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. అందులో సవరించినది కంకిలో గింజల సంఖ్యకు సంబంధించిన జన్యువు, వెలుతురు జన్యువు కాదు. వెలుతురు జన్యువు మార్చిన మేత విత్తనం మీ ఊరికి తెచ్చామని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టవద్దు.

ఈలోగా మనం చేయగలిగినది

జన్యువు మార్చకపోయినా మొక్క చూసే వెలుతురును మార్చడం మన చేతిలో ఉంది.

మొదటిది, సిఫారసు చేసిన విత్తన మోతాదు మించవద్దు. వెదజల్లడం కంటే గొర్రుతో సాళ్లుగా విత్తడం మంచిది. మితమైన చిక్కదనం కాడను సన్నబరుస్తుంది. మితిమీరితే ఆకు పోయి, చేను పడిపోతుంది.

రెండవది, కలుపు తొలి వారాల్లోనే తీయాలి. కలుపు నీరు, ఎరువు దోచుకోవడమే కాదు, దాని ఆకుల నుంచి వచ్చే ముదురెరుపుకు లేత పైరు అప్పుడే సాగడం మొదలుపెడుతుంది.

మూడవది, ఒకే కోత జొన్నను సగం చేను పూతకు వచ్చినప్పుడు కోసి వేయండి. నీరు లేక వాడిన లేత జొన్నను, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకలను పశువు నోటికి అందనివ్వవద్దు. నాము తగిలి నిలువునా ప్రాణం పోతుంది. ఏ కొత్త విత్తనం వచ్చినా ఈ జాగ్రత్త మారదు.

నాలుగవది, కొత్త రకం ఏది వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఎకరాకు గింజ ఎంత, చొప్ప ఎంత? ఆ చొప్పలో జీర్ణమయ్యేది ఎంత? అనుమతి పత్రం ఎక్కడ? సమాధానం లేని విత్తనాన్ని సంఘం ద్వారా పంచవద్దు.

చివరిగా ఒక మనవి. పరిశోధన క్షేత్రాల్లో రకాలను పరీక్షించేటప్పుడు గింజతో పాటు చొప్ప బరువు, నాణ్యత కూడా లెక్కకట్టి ప్రకటించాలని ప్రతి సంఘం తన సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి సమాఖ్యకు పంపాలని కోరుతున్నాం. రేపు వెలుతురు జన్యువు మార్చిన జొన్న నిజంగానే రావచ్చు. అది వచ్చేనాటికి చొప్ప లెక్క కూడా రాయడం అలవాటై ఉంటే ఆ మేలులో మన పశువుకు వాటా దక్కుతుంది. ఇప్పుడు అడగకపోతే, వచ్చిన తరువాత అడిగి లాభం లేదు.