నాలుగు గుడ్డల బొంత
(మహిళల సమావేశమున చేసిన ప్రసంగము)



బొంత యనగానే పేలికల మూట యని మన పిల్లలు నవ్వుదురు. చేతికందిన గుడ్డనెల్ల చేర్చినచో ఆ మాట నిజమే. నాలుగు గుడ్డలు పొందికగా నేరినచో సంగతి వేరు. ముదురు రంగుదొకటి, లేతదొకటి, పూలదొకటి, చారలదొకటి. నాలుగింటను ఏదో యొక రంగు ఉమ్మడిగా నుండవలెను.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బొంతకు ఆరంగుళముల చదరములు 96 పట్టును, గుడ్డకు 24. కుట్టులోనికి పోవు అంచుకై ఒక్కొక్క చదరమును ఆరున్నర అంగుళములుగా కత్తిరింపవలెను. అంతకుముందే గుడ్డలన్నియు ఉతికి ఆరవేయుడు. మనది పట్టుసీమయే గాని, పట్టుతునకను నూలుతో కలుపకుడు. ఉతుకులో రెండును ఒకే తీరున ముడుగవు. అడుగున పాత నూలుచీర మడిచి పరచి, నడిమినుండి అంచులకు టాకాలు వేయుడు. లేనిచో నడుమ ముడుతలు నిలిచిపోవును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట మన పిల్లలనేకులు వేకువబండిలో బెంగుళూరు పోయి వచ్చుచున్నారు, కొందరచ్చటనే నిలిచిరి. అమ్మమ్మల చీరలు మాత్రము ఇచ్చటి పెట్టెలలో మడతలవెంట చీలుచున్నవి. చీలిన గుడ్డ కత్తెరకు పనికిరాదు. ఈ సంక్రాంతిలోపలనే పెట్టెలు తెరువుడు. కోయుటకు మనసొప్పని చీరను అడుగుపొరగా నుంచుడు.