చౌక కారు వెనక ఎవరున్నారు?

(చాట్రాయిలో మోటారు మేస్త్రి గారి స్మారకోపన్యాస పాఠం)



మేస్త్రి గారి స్మారకోపన్యాసంలో కార్ల కంపెనీల పోటీ గురించి ఎందుకని కొందరు అడిగారు. ఆయన జీవితమంతా చూసింది ఆ పోటీనే. మనం షోరూం అద్దాల్లోంచి చూసినదాన్ని ఆయన బండి కింద పడుకొని చూశారు. కారు కొంటున్నానని ఎవరొచ్చి చెప్పినా, "సామాను ఎక్కడ దొరుకుతుందంట?" అనేదే ఆయన మొదటి ప్రశ్న. ధర సంగతి ఆ తర్వాత. పాత కంపెనీలు చౌక కంపెనీలను ఎలా ఎదుర్కొన్నాయో, ఎవరు నిలిచారో, ఎవరు పోయారో ఆ ప్రశ్న పట్టుకునే ఈ సాయంత్రం చెప్పుకుందాం.

మన దేశంలో చాలాకాలం పోటీయే లేదు. ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్... ఆ ఫియట్టే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకోవాల్సిందే. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి తాళాలు అందించినప్పుడు, దాని ధర యాభై వేలకు అటూ ఇటూ. అప్పటికి మారుతియే చౌక కారు, మారుతియే కొత్త కంపెనీ. అంబాసిడర్ చేసే హిందూస్థాన్ మోటార్స్, ప్రీమియర్ పాత కాపులు. వాళ్లకు పేరుంది, ప్రతి ఊళ్లో మెకానిక్ ఉన్నాడు, ఆటోనగర్‌లో ప్రతి సామానూ ఉంది. బండి మాత్రం మారలేదు. ఇంజను మార్చినా అదే ఒళ్లు, అదే బరువు. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. కేవలం పేరు మీద బతకొచ్చనుకున్నవాళ్లకు పట్టిన గతి అది.

దీనికి నేరుగా ఎదురు నిలిచిన కథ ఒకటుంది. అది మన తెలుగు నేల మీదే నడిచింది. అప్పట్లో మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్. ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ మీలో పెద్దలందరికీ గుర్తే. 1980లలో అది జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి, మెదక్ జిల్లా జహీరాబాద్‌లో చిన్న లారీలు మొదలుపెట్టింది. అదే సమయంలో డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా కూడా వచ్చాయి. ఒకేసారి నలుగురు జపాన్‌వాళ్లు! పెద్ద లారీల్లో తిరుగులేని టాటాల టెల్కో పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

టెల్కో 1986లో టాటా 407ను దించింది. జపాన్ సాయం లేకుండా, ఇక్కడి సామానుతో, ఇక్కడి గుంతల రోడ్లకు సరిపడా చేసిన బండి. అవతల 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు పెద్ద దేశాలు చేసుకున్న ఒప్పందంతో జపాన్ యెన్ విలువ గబగబా పెరిగింది. జపాన్ నుంచి విడిభాగాలు తెప్పించుకుని బిగించేవాళ్ల లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఆల్విన్ నిస్సాన్ 1980ల చివర్లో మహీంద్రా చేతికి పోయింది. జహీరాబాద్‌లో నేటికీ బండ్లు తయారవుతున్నాయి, మహీంద్రా పేరు మీద. మన తోటల నుంచి నున్న మార్కెట్‌కు బంగినపల్లి, కలెక్టర్ కాయలు మోసిన బండ్లలో 407ల వాటా ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. సామాను ఇక్కడే పుడితే ధర మన చేతిలో ఉంటుందని టెల్కో గెలుపు చెప్పింది. మేస్త్రి గారి ప్రశ్నకు కంపెనీ స్థాయిలో దొరికిన మొదటి జవాబు ఇదే.

ఇక 1998కి వద్దాం. నన్నడిగితే మన కార్ల చరిత్రలో అంతకు మించిన ఏడాది లేదు. దేశంలో అమ్ముడైన ప్రతి పది కార్లలో ఎనిమిది మారుతివే. పదిహేనేళ్ల కిందటి కొత్త కంపెనీ ఇప్పుడు పాత కాపు అయింది. దాని మేనేజింగ్ డైరెక్టర్ ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడు. 1997లో ప్రభుత్వం ఆయన్ను నియమిస్తే, భాగస్వామి సుజుకి ఒప్పుకోలేదు. వివాదం అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్లి, 1998లో రాజీ కుదిరింది. ఇంట్లో ఆ గొడవ ముగిసీ ముగియకముందే అదే ఏడాది వాకిట్లోకి ముగ్గురు దిగారు. శ్రీపెరంబుదూరు నుంచి హ్యుందాయ్ సాంత్రో, దేవూ మాటిజ్, డిసెంబరు 30న టాటా ఇండికా. ఇండికాకు వారం తిరిగేలోగా లక్షకు పైగా బుకింగులు వచ్చాయి.

మారుతి వెంటనే తన 800 కారు ధర తగ్గించింది. బలమైన కంపెనీ మొదట చేసే పని అదే. దానివల్ల అమ్మకాలు నిలిచాయేమో గానీ గల్లాపెట్టె ఖాళీ అయింది. 2000-01లో మార్కెట్ కూడా చల్లబడింది. ఆ ఏడాది మారుతి తన చరిత్రలో మొదటిసారి నష్టం చూసింది, 269 కోట్లు. టెల్కోకు దాదాపు 500 కోట్లు పోయాయి. కొట్టినవాడూ దెబ్బతిన్నాడు, కొట్టించుకున్నవాడూ దెబ్బతిన్నాడు. ధరతోనే ధరను కొట్టాలనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన లెక్క నా దృష్టిలో లేదు.

మారుతి లేచిన తీరు చూడండి. 2000లో ఆల్టో తెచ్చింది. విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలతో కూర్చుని ఖర్చు తగ్గించింది. పాత కార్ల వ్యాపారం, బీమా, అప్పు ఇప్పించడం అన్నీ తన గొడుగు కిందికి తెచ్చుకుంది. కారు కొన్నవాడు అమ్ముకోవాలన్నా, సొట్ట పడితే బాగు చేయించాలన్నా వేరే చోటికి పోనక్కర్లేదు. 2008లో ప్రపంచమంతా మాంద్యం వచ్చి, పట్నాల్లో అప్పు పుట్టని రోజుల్లో మారుతి పల్లెలకు నడిచింది. ఊళ్లో మనిషినే సేల్స్ ఉద్యోగిగా పెట్టి, పంచాయతీ ఆఫీసుల దగ్గర, టీచర్ల దగ్గర కార్లు అమ్మింది. 2007-08లో దాని అమ్మకాల్లో పల్లెల వాటా దాదాపు 3.5 శాతం. రెండేళ్లు తిరిగేసరికి 16 శాతం దాటింది. మామిడి డబ్బు ఏడాదికోసారి చేతికొచ్చే మన లాంటి ఊళ్లు కంపెనీల పటంలోకి ఎక్కింది అప్పుడే.

ఇండికా సంగతి కూడా ఒక మాట. మొదట్లో దానికి జబ్బులెక్కువ. షెడ్ల ముందు వరసకట్టి నిలబడేవి. టాటాలు తప్పులు దిద్ది 2001లో వీ2 తెచ్చారు. ఆ తర్వాత మన జిల్లాల్లో ట్రావెల్స్ అంటే డీజిల్ ఇండికాయే.

2008 జనవరి 10న రతన్ టాటా లక్ష రూపాయల నానో చూపించారు. స్కూటరు మీద నలుగురు వెళ్తున్న కుటుంబం వర్షంలో తడవకూడదన్న తపన ఆయనది. ఆ తపన నిజమైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ సింగూరు భూమి గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కు పోయింది, ఆలస్యమైంది. లోకంలోకెల్లా చౌక కారన్న ముద్ర పడ్డాక, మొదటిసారి కారు కొనే మనిషి వీధిలో తలెత్తుకుని నడపాలనుకుంటాడన్న సంగతి తెలిసివచ్చింది. అత్యధికంగా అమ్మిన 2011-12లో కూడా 75 వేలకు చేరలేదు. 2018తో కథ ముగిసింది. అదే టాటాలు 2005లో ఆపే ఆటోలకు పోటీగా తెచ్చిన ఏస్ మాత్రం ఊరూరా నిలిచింది. ఆటో ధరకు కొంచెం పైన, నాలుగు చక్రాలు, రెండు సిలిండర్ల ఇంజను. నానో అవసరాన్ని చూసింది, ఏస్ సంపాదనను చూసింది. తోట నుంచి కాయ దింపి సాయంత్రానికి వాయిదా డబ్బు వెనకేసుకునే బండికి అవమానం అంటదు.

నిస్సాన్ 2014లో డాట్సన్ పేరును మళ్లీ బతికించి, చెన్నై దగ్గర ఒరగడంలో గో కారు చేసింది. 3.12 లక్షలకు అమ్మకానికి పెట్టింది. ఆ ఏడాదే గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో ఒక్క నక్షత్రమూ రాలేదు. 2015లో అదే ఒరగడం ఫ్యాక్టరీ నుంచి రెనో క్విడ్ వచ్చింది, 2.56 లక్షలకు. సామాను దాదాపు అంతా ఇక్కడిదే, చూపులకు చిన్న ఎస్‌యూవీ. క్విడ్ నిలబడింది. డాట్సన్ 2022 ఏప్రిల్‌లో మూతబడింది. యూరప్‌లో ఇదే రెనో ఇంకో దారి పట్టింది. 1999లో రుమేనియా కంపెనీ డాసియాను కొని, చౌక కార్లన్నీ ఆ పేరు మీదే అమ్మింది. తన సొంత పేరు చెడకుండా కాపాడుకుంటూ కిందిమెట్టు మార్కెట్‌ను కూడా తానే పట్టింది. 2024లో యూరప్ అంతటా ఎక్కువగా అమ్ముడైన కారు డాసియా సాండెరో.

మన దగ్గర 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఆర్థిక సంస్థ కూలి, ఫైనాన్స్ కంపెనీల దగ్గర డబ్బు ఎండిపోయింది. 2019-20లో కార్ల అమ్మకాలు దాదాపు 18 శాతం పడిపోయాయి. సరిగ్గా ఆ కరవులోనే, 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర ఎర్రమంచి నుంచి కియా సెల్టోస్ బయటికొచ్చింది. తొమ్మిదిన్నర లక్షలు దాటిన కారుకు జనం ఎగబడ్డారు. అప్పుడు మార్కెట్‌లో డబ్బున్నవాడి చేతిలో డబ్బుంది, లేనిది చిన్న కారు కొనేవాడి దగ్గరే. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీని 18 శాతానికి తగ్గించడం వల్ల ఆ మనిషికి కొంత ఊరట దొరికింది. మంచి పనే, ఆలస్యమైన మంచి పని.

ఈ లెక్కల మధ్య మేస్త్రి గారి షెడ్డులో నేను కళ్లారా చూసినదొకటి చెప్పాలి. దేశం వదిలి వెళ్లిపోయిన ఒక కంపెనీ చిన్న కారు జాకీ మీద ఉంది. ముందు చక్రం దగ్గర లోయర్ ఆర్మ్‌లో అరచేతిలో పట్టే రబ్బరు బుష్ చితికిపోయింది. దొరకదు. మేస్త్రి గారు చితికిన బుష్‌ను గుడ్డముక్కలో చుట్టుకుని తెల్లవారుజాము బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్లారు. అంగడి అంగడికీ తిరిగి, ఇంకో కంపెనీ బుష్ ఒకటి దగ్గరగా ఉందని పట్టుకుని, దాని ఇనుప తొడుగును లేత్ మీద అర మిల్లీమీటరు తగ్గించి తెచ్చారు. వైస్‌లో పెట్టి మెల్లగా నొక్కి కూర్చోబెట్టారు. నల్లటి గ్రీజు అంటిన వేళ్లతో చక్రాన్ని ఊపి చూసి, చప్పుడు లేదని తలూపారు. ఆ కారు యజమాని కౌలు రైతు. షోరూంలో తగ్గిన నలభై వేలకు ఆశపడి కొన్న కారది. అమ్ముదామంటే అడిగినవాడు లేడు. కంపెనీ చేయాల్సిన పనిని ఒక మేస్త్రి చేశారు. కూలి మాత్రం బుష్‌కు ఎంతో అంతే తీసుకున్నారు.

అందుకే ఈ వేదిక మీద నుంచి ఒకటి అడుగుతున్నాను. మనం కారు కొన్నరోజే రాష్ట్రం జీవితపన్ను మొత్తం వసూలు చేస్తుంది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ఇస్తుంది. ఆ పదిహేనేళ్లూ విడిభాగాలు అందిస్తానని, దేశం వదిలినా అందిస్తానని కంపెనీ దగ్గర ముందే పూచీకత్తు సొమ్ము కట్టించుకోవాలి. పెనుకొండలో కార్లు, మల్లవల్లిలో బస్సులు తయారుచేసుకుంటున్న రాష్ట్రానికి ఇది చేతకానిది కాదు. మన ఎమ్మెల్యే గారికి, ఎంపీ గారికి రాసిన వినతిపత్రం బల్ల మీద ఉంది. వెళ్లేముందు చదివి, మనసుకు నచ్చితే సంతకం చేయండి.