తలరాత కాదు, కారణం వుంది

(తోట్లవల్లూరు కూలీల సభలో చేసిన ప్రసంగం)

అన్నలారా, అక్కలారా, పగలంతా చెరకు కొట్టి ఆ అలసటతోనే వచ్చి కూచున్న కూలి తల్లులారా!

ఈ రాత్రి నేను కిడ్నీ జబ్బు గురించి మాట్లాడతాను. మన సభలో జబ్బు మాటేమిటి అనుకోకండి. కూలోడికి ఒళ్లే ఆస్తి. ఆ ఒళ్లు ఎందుకు పాడవుతోందో తెలుసుకోవడం కూడా మన పనే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీరు వినేవుంటారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడిమామిడి తోటల నేల. అక్కడ షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. అంత దూరం ఎందుకు? మన పాత కృష్ణా జిల్లాలోనే, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో కలిసిన ఎ.కొండూరు తండాల్లో లంబాడీ బిడ్డలు ఈ కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఇలాంటప్పుడు ఊరు ఏమంటుంది? తాగి తెచ్చుకున్నాడంటుంది, లేదా కర్మ అంటుంది. ఉన్నోడికొస్తే రోగం, మనకొస్తే పాపఫలమా?

సైన్సు కర్మ అనదు, కారణం వెతుకుతుంది. ఇదే కారణమని ఇంకా తేలలేదు. కొన్ని ఊహలు ముందు పెట్టుకుని పరీక్షిస్తున్నారు.

మొదటిది నీళ్లు. బోరు నీళ్లలో వుండే సిలికా, ఫ్లోరైడు, సీసం లాంటి లోహాల మీద అనుమానం. రెండోది పురుగుమందు. చేను ఆసామిది, స్ప్రేయరు మోసే వీపు మనది.

మూడోది ఎండ. నికరాగువా, ఎల్‌సాల్వడార్ దేశాల్లో చెరకు కొట్టే కుర్రాళ్లకే కిడ్నీలు పోతుంటే డాక్టర్లు ఆలోచనలో పడ్డారు. ఎండలో చెమటంతా కారిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, కిడ్నీకి చేరే రక్తం తగ్గుతుంది. రోజూ ఇదే జరిగితే రోజూ చిన్న దెబ్బ. ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలు మచ్చ కడతాయని వాళ్ల ఊహ. నికరాగువాలో ఒకచోట చెరకు కూలీలకి నీళ్లు, నీడ, విశ్రాంతి పెంచితే కిడ్నీకి తగిలే దెబ్బ తగ్గింది. మందుబిళ్ల కాదు, విశ్రాంతి!

నాలుగోది కడుపులో మొదలయ్యేది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నని వడపోత గొట్టాలుంటాయి. అవి తల్లి కడుపులోనే తయారవుతాయి, పుట్టాక కొత్తవి రావు. తల్లికి తిండి చాలక బిడ్డ తక్కువ బరువుతో పుడితే అవి తక్కువగా వుండొచ్చు. అంటే అమ్మ పస్తు బిడ్డ కిడ్నీకి తగులుతుందన్నమాట.

ఎండ ఒక్కటే కారణమైతే ఎండలో పనిచేసే ప్రతి ఊరూ ఉద్దానం కావాలి. కాలేదు. కాబట్టి కారణాలు ఒకదానికొకటి తోడై వుండొచ్చు. కానీ చూడండి, నీళ్లు, మందు, ఎండ, పస్తు, ఏ ఊహ తీసుకున్నా అది నడిచేది మన పేటలోంచే!

ఉద్దానం జనం గొంతెత్తారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లొచ్చాయి. అడగనిదే రాలేదు.

మనమేం చెయ్యాలి? చెరకు ముఠా కుదుర్చుకునేటప్పుడు కూలి రేటుతోపాటు నీళ్ల బిందె, నీడ, మధ్యాహ్నం విశ్రాంతి కూడా మాట్లాడుకోండి. ఒళ్లునొప్పులకి రోజూ బిళ్లలు మింగకండి, వాటిలో కొన్ని కిడ్నీని చెడగొడతాయి. కిడ్నీ సగానికి పైగా పాడయ్యేదాకా నొప్పి తెలియకపోవచ్చు. అందుకే పేటల్లో క్రియాటినిన్ రక్తపరీక్ష పెట్టమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడుగుదాం, రాతపూర్వకంగా అడుగుదాం.

1927లో మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసెడు నీళ్లు తాగింది దాహానికి కాదు, హక్కుకి. చేలో గుక్కెడు మంచినీళ్లు, గంటసేపు నీడ కూడా హక్కే.

జై భీమ్!