వెనుకబండికి వేరు చీటి



రజతోత్సవ సభయందు కావ్యప్రశంసయో పురాణగాథయో వినవచ్చునని ఎదురుచూచుట సహజము. నేటి ప్రసంగ విషయము అట్టిది కాదు. కారు వెనుక ట్రైలరు తగిలించుకొని భూమార్గమున పరదేశములకు పోవు గృహస్థు సరిహద్దు కచేరీలలో ఏయే పత్రములు చూపవలయునో తెలుపుటయే నేటి పని. పత్తియు మిరపయు పండించు పల్లెకు ఈ గొడవ ఏలయని కొందరికి తోపవచ్చును. ఈ పల్లెల బిడ్డలు నేడు అమెరికాలోను, ఐరోపాలోను, గల్ఫు దేశములలోను ఉన్నారు. కార్లు నడుపుచున్నారు, హద్దులు దాటుచున్నారు. ఒక్కొక్కప్పుడు వారి ప్రయాణమునకు హామీ నిలుచువారు ఇచటి తల్లిదండ్రులే. కావున విషయము దూరపుదైనను దాని బరువు ఇంటిమీదనే పడును.

ట్రైలరనగా ఎరుగని వస్తువు కాదు. మిరపబస్తాలను గుంటూరు యార్డునకు చేర్చు ట్రాక్టరు వెనుక నుండు ట్రక్కు ట్రైలరే. దానికి యంత్రము లేదు. ముందున్నది లాగినగాని కదలదు. అయినను చట్టము దానిని ట్రాక్టరులో భాగముగా నెంచదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున ట్రైలరుకు ప్రత్యేక నిర్వచనము కలదు. ట్రాక్టరు రిజిస్ట్రేషను సంఖ్య యొకటి, ట్రక్కు సంఖ్య వేరొకటి. లాగబడుదానికి వేరు పేరేల యని రైతు అడుగవచ్చును. ఎద్దులు మారవచ్చును, బండి నిలిచిపోవచ్చును. కాడి విప్పి బండిని మాత్రమే మరియొకరికి అమ్మవచ్చును. విడిపోగల దానికి వేరు పేరుండవలయును. ఈ ఒక్క న్యాయము మనసున నాటినచో మిగిలినదంతయు సులభము.

సరిహద్దున ముద్ర చూపుట తెల్లవారు తెచ్చిన ఆచారమని కొందరి భ్రమ. భారతమున అరణ్యపర్వమందు సాల్వుడు ద్వారకను ముట్టడించిన ఘట్టము కలదు. ఆ దినములలో ముద్ర లేనివానిని నగరము వెడలనీయలేదు, లోనికి రానీయలేదు. పోకకును రాకకును రెంటికిని ముద్ర యుండెనని గమనింపవలయును. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి కనబడును. అతడు ఒక మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చును. ముద్ర లేక తిరుగు జానపదునకు 12 పణముల దండనము. సరిహద్దు కాచు అంతపాలుడు సరకుబండికి ఒకటింబావు పణము వర్తని యను సుంకము గొని, సరకు పరీక్షించి, గురుతును ముద్రయు నిచ్చి పైయధికారి కడకు పంపును.

ఈ ప్రాంతమునకే చెందిన సాక్ష్యము మరియొకటి కలదు. చినగంజాము సమీపమున నున్న మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు అచట అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతముగా హరించుచుండిరి. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, ముప్పదింట నొక పాలు సుంకము తప్ప మరేమియు గొనబోమని వర్తకులకు మాట యిచ్చెను. మాట రాతిపై చెక్కబడుటచే పరదేశి దానిని చూపి నిలువగలిగెను. సరిహద్దు పత్రముయొక్క సారమంతయు ఇందే యున్నది. తనకు రావలసిన దెంతయో అధికారి ఎరుగవలయును; అంతకు మించి పోదను ధైర్యము ప్రయాణికునకు కలుగవలయును.

తరువాతి కాలమున పల్నాటివారికి కృష్ణానదియే సరిహద్దయ్యెను. దక్షిణపుటొడ్డు ఇంగ్లీషు ప్రభుత్వముది, ఉత్తరపుటొడ్డు నిజాముది. నిజాము రాజ్యమునకు కరోడ్‌గిరి యను సొంత సుంకపుశాఖ యుండెను. తంగెడ వైపునుండి బల్లకట్టు ఎక్కి మట్టపల్లి ఒడ్డున దిగినవానికి నది యొకటే, భాష యొకటే, చుట్టరికము లొకటే; సుంకము మాత్రము వేరు. 2014లో ఆ కృష్ణయే మరల రెండు రాష్ట్రములకు హద్దయ్యెను. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట రాష్ట్రముల పన్ను చెక్‌పోస్టులు తొలగినవి గాని పత్రము తొలగలేదు. వర్తకపు సరకు విలువ 50,000 రూపాయలు దాటినచో సామాన్యముగా ఇ-వే బిల్లు వెంట నుండవలయును.

ఇక దేశపు హద్దు దాటు సంగతి. పరదేశపు కారును లోనికి రానిచ్చునపుడు ఏ ప్రభుత్వమునకైనను ఒక శంక కలుగును. ఈ కారు తిరిగి పోవునా, లేక సుంకము చెల్లింపకయే ఇచట అమ్ముడుపోవునా? సుంకమంతయు ముందు కట్టించుకొని, పోవునపుడు తిరిగి యిచ్చుట యొక పద్ధతి. ప్రతి హద్దునను అంత సొమ్ము కట్టుట ప్రయాణికునకు అలవి కాదు. దానికి మారుగా ఏర్పడినదే కార్నె యను పుస్తకము. సొంత వాహనముల తాత్కాలిక ప్రవేశమును గూర్చి 1954 జూన్ 4న న్యూయార్కులో దేశముల నడుమ ఒప్పందము కుదిరినది. అందు వాహనమను మాటలో ట్రైలరు కూడ చేరును. అది కారుతో కలిసి వచ్చినను సరే, విడిగా వచ్చినను సరే. పల్లెటూరి ట్రక్కునకు వర్తించు న్యాయమే అచటను వర్తించినది.

ఈ పుస్తకమును ప్రభుత్వ కచేరీ ఇయ్యదు. గుర్తింపు గల మోటారు సంఘము ఇచ్చును. ఇచ్చుటకు ముందు బ్యాంకు హామీయో రొక్కమో పుచ్చుకొనును. గడువు ఒక సంవత్సరము. ఇరాను, పాకిస్తాను వంటి దేశములు దీనిని అడుగును. ఐరోపా దేశములు సామాన్యముగా అడుగవు. పుస్తకమున ప్రతి పుటకును మూడు భాగములు. ఒకటి ప్రవేశపు చీటి. లోనికి పోవునపుడు అధికారి దానిని చించుకొనును. రెండవది నిష్క్రమణపు చీటి. దేశము వెడలునపుడు చించుకొనబడును. మూడవది పుస్తకముననే నిలుచును. దానిపై రాకకొక ముద్ర, పోకకొక ముద్ర పడవలయును. 1984లో కరణీకము రద్దగువరకు గ్రామములందు సాగిన జమాఖర్చు లెక్కల నెరిగిన పెద్దలకు ఇది వింత కాదు. జమ వ్రాసినచోట ఖర్చు చూపవలయును. చూపనిచో ఆ నిలువ లెక్క వ్రాసినవాని మెడకు చుట్టుకొనును.

ఉదాహరణమునకు ఒక గృహస్థు నూహింపుడు. ఆయన కారును, ట్రైలరును ముంబయిలో ఓడ కెక్కించి ఇరాను రేవున దింపెను. అచటినుండి తుర్కీ మీదుగ ఐరోపాకు ప్రయాణము. కారుకొక కార్నె, ట్రైలరుకొక కార్నె. రెంటను ప్రవేశపు ముద్రలు పడినవి. నడిదారిలో ట్రైలరు ఇరుసు విరిగెను. ఆలుబిడ్డలు ఎండలో నిలిచియున్నారు. బాగుచేయుటకు వారము పట్టునని మెకానిక్కు చెప్పెను. గృహస్థు ట్రైలరును అచటనే విడిచి కారుతో తుర్కీ హద్దు దాటెను. కారు పుస్తకమున పోకముద్ర పడినది. ట్రైలరు పుస్తకమున పడలేదు. ఆ దేశపు లెక్కలో ట్రైలరు ఇంకను అచటనే యున్నది. గడువు తీరిన పిమ్మట సుంకము కోరుచు మోటారు సంఘమునకు తాఖీదు వచ్చును. సంఘము హామీని పట్టుకొనును. ఆ హామీ వెనుక నున్న దెవరు? నరసరావుపేటలోనో చిలకలూరిపేటలోనో పత్తి అమ్మిన సొమ్మును బ్యాంకున కట్టిన తండ్రి. ఆయన ఆ ట్రైలరును కన్నులతో చూచియుండడు.

ఆ గృహస్థు దుర్మార్గుడు కాడు, మోసగాడు కాడు. ఆలుబిడ్డలను ఎండనుండి తప్పించిన మంచివాడే. లాగెడు బండి దాటినచో లాగబడు బండియు దాటినట్లేయని తలచుటయే ఆయన తప్పు. ట్రైలరు బాగగువరకు ఆగవలసినది. ఆగరానిచో స్థానిక సుంకపుటధికారికి తెలిపి వ్రాతమూలకముగ అనుమతి పొందవలసినది. పుస్తకమిచ్చిన సంఘమునకు వెంటనే వార్త పంపవలసినది. దొంగ లెత్తుకొనిపోయినను, నిప్పంటుకొని కాలిపోయినను అధికారుల సాక్ష్యపత్రము లేనిదే లెక్క మాయదు. ముద్ర మరచి ఇల్లు చేరినవాడు, వాహనము స్వదేశమున నున్నదని అధికారి కంటితో చూచి యిచ్చు నిదర్శనపత్రమును పంపినచో కొంత రక్షణ కలుగవచ్చును.

మరికొన్ని సంగతులు గుర్తుంచుకొనదగినవి. కార్నెలో చాసిస్ సంఖ్య, రంగు, బరువు, వెల, అదనపు చక్రములు మున్నగునవి వ్రాయబడును. పుస్తకమందలి సంఖ్యకును ఇనుముపై చెక్కిన సంఖ్యకును ఒక్క అక్షరము తేడా యుండరాదు. వాహనము పరుల పేర నున్నచో యజమాని అనుమతిలేఖ వలయును. 1949 నాటి జెనీవా రహదారి ఒప్పందము 750 కిలోలకు మించని ట్రైలరును తేలికదానిగ నెంచును. బరువు మించినచో నడుపువాని అంతర్జాతీయ లైసెన్సున దానికి ప్రత్యేక వర్గము చేరియుండవలయును. దేశమును తెలుపు అక్షరములు ట్రైలరు వెనుకను ఉండవలయును, ఏలయనగా కారు వెనుకభాగము దానిచే మరుగుపడును. మరియు కార్నె బండికే గాని బండిలోని సరకునకు కాదు. తల్లి మూటగట్టి యిచ్చిన ఎండుమిరపకాయలకు, విత్తనములకు, మొక్కలకు ఆయా దేశములందు వేరు నియమములు కలవు. అడిగినపుడు ఉన్నది ఉన్నట్లు చెప్పినవాడు మూటను మాత్రమే పోగొట్టుకొనవచ్చును. దాచినవాడు దండన కూడ చెల్లింపవలసివచ్చును.

గ్రంథాలయమున ఈ ప్రసంగమేల యను ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పవచ్చును. పుస్తకము ఇంటికి పోవునపుడు చిట్టాలో ఒక సంతకము, తిరిగి వచ్చినపుడు మరియొక సంతకము చేయుట గ్రంథాలయ ధర్మము. రెండు సంపుటముల గ్రంథమును కొనిపోయినవాడు మొదటి సంపుటము నొప్పగించి రెండవది దానితోబాటే వచ్చినదనిన గ్రంథపాలకు డొప్పుకొనునా? 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిన నాటినుండి ఈ సీమ పల్లెలు అట్టి చిట్టాల విలువ నెరిగినవే. ఆ చిన్న చిట్టాకును దేశముల నడుమ తిరుగు కార్నెకును న్యాయము ఒక్కటే.

కావున పరదేశ ప్రయాణమునకు హామీ వ్రాయుమని బిడ్డలు కోరినపుడు తండ్రులు వలదనవలసిన పని లేదు. సంతకము పెట్టుటకు ముందు మాత్రము ఆ పత్రమును గ్రంథాలయమునకు తెచ్చి, చదువరులచే ఆద్యంతము చదివించుకొని, వెనుకబండికి వేరు చీటి యున్నదో లేదో అడిగి తెలిసికొందురుగాక.