ఎడారి అమ్మమ్మల బొమ్మలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆస్ట్రేలియా విశేషాలు చెప్పమన్నారు. సిడ్నీ వంతెన, కంగారూలు మీరంతా టీవీలో చూసినవే కనుక వాటి జోలికి పోను. అక్కడి నడిమి ఎడారిలో ఆదివాసి ముసలమ్మలు గీసే బొమ్మల గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను. బొమ్మల గురించి మాట్లాడే పాండిత్యం నాకు లేదు. ట్రెజరీలో ముప్పైమూడేళ్లు బిల్లులు చూసిన కళ్లతోనే వాటినీ చూశాను.

మా వారు పోయిన ఏడాదిన్నరకు, 2017 చివర, కాన్‌బెర్రాలో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాను. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. అమ్మాయిలా చూసుకునే కోడలు ఒకరోజు ఆఫీసుకు వెళుతూ నన్ను జాతీయ మ్యూజియం దగ్గర దింపింది. అక్కడ ఏడుగురు అక్కచెల్లెళ్ల కథ మీద ఒక పెద్ద ప్రదర్శన నడుస్తోంది. లోపల చనిపోయినవారి పేర్లు, ఫొటోలు ఉన్నాయి, ఆదివాసులు గమనించగలరు అని ముందే ఒక హెచ్చరిక. చనిపోయిన మనిషి పేరు కొంతకాలం పలకకూడదని వాళ్ల ఆచారం. అప్పటికి నేనూ అలాంటి ఆచారంలోనే ఉన్నాను కాబట్టి అది చదివి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

కథ ఇది. ఏడుగురు అక్కచెల్లెళ్లు. న్యీరు అనే మాయలమారి వాళ్లలో పెద్దదాని మీద కన్నేసి వెంటపడతాడు. వాడు ఏ రూపమైనా ఎత్తగలడు. పండ్ల చెట్టవుతాడు, పామవుతాడు. వాళ్లు పడమటి నుంచి తూర్పుకు ఎడారులకు ఎడారులు దాటుకుంటూ పారిపోతారు. వాళ్లు కూర్చున్నచోట రాళ్లు, తవ్వినచోట నీటి గుంట. వాలిన్య అనే గుహలో దాక్కుంటే వాడు గుమ్మానికి అడ్డం పడి కాపు కాశాడు. వాళ్లు రెండోవైపు నుంచి తప్పించుకుపోయారు. ఆ గుహ పైకప్పు మీది పాత బొమ్మలను మ్యూజియంవారు గుండ్రని డోము లోపల చూపించారు, వెల్లకిలా పడుకుని చూడాలి. మోకాళ్ల నొప్పులతో పడుకున్నాను గాని లేవటానికి ఇద్దరు సాయం పట్టవలసి వచ్చింది.

చివరకు అక్కచెల్లెళ్లు ఆకాశానికి ఎగిరిపోయి చుక్కలయ్యారు. ఏ చుక్కలనుకున్నారు? మన కృత్తికలే, పల్లెల్లో పిల్లలకోడి అంటామే, అవే.

ప్రతి మజిలీకి ఒక పాట ఉంది. పాటలు వరసగా వచ్చినవాళ్లకు నీళ్లున్న చోట్లు వరసగా వచ్చినట్టే. వర్షం ఎప్పుడు పడుతుందో తెలియని నేలలో ఇది కాలక్షేపం కథ కాదు, ప్రాణాధారం. ఏ వావి వాళ్లు ఎవరిని పెళ్లాడకూడదో, ఏ చోటికి ఎవరు పోకూడదో ఆ కథలోనే ఉంది. వార్ల్‌పిరి భాషలో దీన్ని జుకుర్పా అంటారు. ఇంగ్లీషువాళ్లు 'డ్రీమింగ్' అని పేరు పెట్టారు గాని దీనికి కలతో ఏమీ సంబంధం లేదు. పూర్వీకులు నేలను నిర్మించిన వృత్తాంతం, ఆ నేల మీద బతికేవారికి చట్టం, రెండూ కలిసిందే జుకుర్పా.

లిపి లేని ఆ ప్రజల్లో ఇదంతా పిల్లలకు ఎట్లా చేరింది? ఎక్కువగా ఇసుక మీద. అమ్మమ్మ నేల మీద కూర్చుని అరచేత్తో ఇసుక చదునుచేసి, వేలితో గీస్తూ కథ చెబుతుంది. గుర్రపునాడా వంటి గీత అంటే కూర్చున్న మనిషి. దాని పక్కన నిలువు గీత ఉంటే తవ్వుగోల, కోలగా ఉంటే కొయ్య తొట్టి, కాబట్టి ఆ మనిషి ఆడది. ఒకదానిలో ఒకటిగా గుండ్రాలుంటే నీటి గుంటో, విడిదో. ఒక సన్నివేశం అయిపోగానే చెరిపేసి ఇంకొకటి మొదలు. ఇవే గుర్తులు పండుగనాడు ఆడవాళ్ల రొమ్ముల మీద, భుజాల మీద ఎర్రమట్టి, తెల్లమట్టి కొవ్వులో కలిపి పూస్తారు. ఉటోపియా అనే ప్రాంతంలో ఆ పూతను, ఆ పాటను, ఆ ఆటను కలిపి అవెల్య అంటారు.

చుక్కలు, గీతలు, ఆడవాళ్లు, నేల అనగానే మీ అందరికీ ముగ్గు గుర్తుకొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కాని ఆ పోలికను కొంతదూరమే లాగవచ్చు. పక్కింటి ముగ్గు చూసి రేపు మన వాకిట్లో వేస్తే ఎవరూ ఏమీ అనరు. అక్కడ అట్లా కాదు. ఏ కథ ఎవరు గీయాలో పుట్టుకతో నిర్ణయమై ఉంటుంది. వార్ల్‌పిరి వాళ్లలో తండ్రి తరఫున ఆ కథకు హక్కుదారులైనవాళ్లు కిర్దా, తల్లి తరఫువాళ్లు కుర్దుంగుర్లు. కిర్దా గీస్తుంటే కుర్దుంగుర్లు పక్కన కూర్చుని సరిగా ఉందో లేదో చూడాలి. బిల్లు తయారుచేసేది ఒకరు, పాస్ చేసేది ఇంకొకరు! ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ట్రెజరీవాళ్లకు మాత్రమే అర్థమవుతుంది.

పైగా మనకు కనిపించేది కథలో పైపొర. పిల్లకు ముందు అదే చెబుతారు. ఆమె పెరిగి, పెళ్లయి, బాధ్యతలు మోసేకొద్దీ లోపలి పొరలు తెలుస్తాయి. మగవాళ్లు వినకూడని ఆడవాళ్ల పాటలున్నాయి, ఆడవాళ్లు చూడకూడని మగవాళ్ల బొమ్మలున్నాయి. కాన్వాసు మీద అన్ని చుక్కలెందుకంటే, బయటివారికి చూపకూడనిదాన్ని కప్పటానికి కూడా.

కాన్వాసు వాళ్లకు ఈమధ్య వచ్చినదే. ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా పాపున్యా అనే ప్రభుత్వ కాలనీ. ఎడారిలో తిరిగేవారిని తెచ్చి అక్కడ పెట్టారు. 1971లో అక్కడి బడిలో జెఫ్రీ బార్డన్ అనే మేష్టారు, పిల్లలు పట్నం బొమ్మలు కాక తమ గుర్తులే వేస్తే బాగుంటుందనుకున్నాడు. పెద్దలు ముందుకొచ్చి బడి గోడ మీద తేనెచీమ కథ గీశారు. 1974లో ఆ గోడకు మామూలు రంగు కొట్టేశారు. ప్రభుత్వ భవనాల సంగతి మనకు కొత్త కాదు కదా. ఈలోగా 1972లోనే పాపున్యా తులా పేరుతో చిత్రకారులు సొంత కంపెనీ పెట్టుకున్నారు.

వీళ్లంతా మగవాళ్లు. భార్యలు, కూతుళ్లు చుక్కలు నింపిపెట్టేవారు, పేరు ఉండేది కాదు. యూఎండుమూ అనే ఊళ్లో 1980ల మొదట్లో ఆడవాళ్లు సొంతంగా బొమ్మలు వేసి అమ్మటం మొదలుపెట్టారు. ఎందుకో తెలుసా? టయోటా జీపు కొనుక్కోవటానికి. కథ ఇసుకలో చెబితే సరిపోదు, ఆ గుట్ట దగ్గరికి పిల్లల్ని తీసుకుపోయి ఇదిగో ఇక్కడ అని చూపించాలి. నడిచిపోయే రోజులు పోయాయి, కాలనీల్లో పడ్డాక సొంత నేల వందల కిలోమీటర్ల దూరమైంది. జీపు లేకపోతే చదువే లేదు. 2005లో ఇంకో ఊరి ఆడవాళ్లు ఎడారి గడ్డితో అసలు సైజు టయోటా అల్లి జాతీయ ఆదివాసి కళా బహుమతి గెలుచుకున్నారు. ముందు అదొక తమాషా అనుకున్నాను, తర్వాత అనుకోలేదు.

ఉటోపియాలో ఆడవాళ్లు 1977 నుంచి బట్టల మీద బాతిక్ నేర్చుకున్నారు. తమ నేల తమకివ్వాలని దావా వేసినప్పుడు, దస్తావేజులు లేని ఆ స్త్రీలు విచారణలో అవెల్య ఆడి చూపించారు. ఆ పాట, ఆ పూత ఎవరికి వచ్చో వాళ్లదే ఆ నేల. గెలిచారు. వాళ్లలో ఒకామె ఎమిలీ కామె ఉంగ్వారీ. కాన్వాసు పట్టేనాటికి, 1988-89లో, ఆమెకు ఎనభైకి దగ్గర. మనల్ని యాభైఎనిమిదికే ఇంటికి పంపారు! తర్వాత ఎనిమిదేళ్లలో మూడువేల దాకా బొమ్మలు వేసింది. కామె అంటే ఆ ఎడారిలో పెరిగే ఒక దుంప తీగ గింజ. దుంప ఊరితే నేల బీటలు వారుతుంది, ఆ బీటలను బట్టి తవ్వుతారు. ఆ తీగల అల్లికను 1995లో నల్లని గుడ్డ మీద తెల్లని గీతలతో ఎనిమిది మీటర్ల పొడవున గీసింది. అది ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంది. 1996లో చనిపోయింది. 2007లో ఆమె బొమ్మ ఒకటి పది లక్షల డాలర్లకు పైగా పలికింది. తిరిగి అమ్మినప్పుడు చిత్రకారులకో వారసులకో అయిదు శాతం ఇవ్వాలనే చట్టం 2010లో గాని అమలు కాలేదు. ఒక పాత కారు ఇచ్చి బొమ్మలు గీయించుకుపోయే దళారుల సంగతి ఎత్తితే సాయంత్రం చాలదు.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఆ ఎడారిలోనే కింటోర్ అని ఒక ఊరు. 1990లలో అక్కడి పెద్దవాళ్లకు వరసగా కిడ్నీలు చెడిపోవటం మొదలైంది. డయాలసిస్ ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే, అయిదువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకోవాలి కాబట్టి వెళ్లినవాళ్లు ఇక వెళ్లినట్టే. పరాయి ఊళ్లో, పరాయివాళ్ల నేల మీద చనిపోవాలి.

మా వారికి రెండేళ్లు డయాలసిస్ చేయించాం. తెనాలి నుంచి గుంటూరు ముప్పై కిలోమీటర్ల లోపే. అయినా తెల్లవారి బయలుదేరి, తిరిగివచ్చి మంచమెక్కేసరికి ఆ రోజు అయిపోయేది. మనవడికి లెక్కలు చెప్పటం మానేశారు. ఓపిక లేక కాదు, "మధ్యలో ఆపవలసిన పాఠం మొదలెట్టటం ఎందుకు" అనేవారు.

అక్కడ ఆగిపోయిన పాఠాలు లెక్కలు కావు. పాటల వరస తెలిసిన ఒక్క అమ్మమ్మ ఆలిస్ స్ప్రింగ్స్‌కు పోతే, నీటి గుంట దగ్గర నిలబడి మనవరాలికి చెప్పే మనిషి లేదు. ప్రభుత్వం అంత మారుమూల యంత్రాలు పెట్టటం కుదరదంది. అప్పుడు కింటోర్, కివిర్‌కురా ఊళ్ల పింటుపి పెద్దలు, ఆడవాళ్లు ఆడవాళ్ల కథలు, మగవాళ్లు మగవాళ్ల కథలు పెద్ద పెద్ద కాన్వాసులుగా కలిసి గీశారు. 2000 నవంబరు 11న సిడ్నీలో వేలం వేస్తే పది లక్షల డాలర్లు దాటాయి. 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ మొదలైంది. తర్వాత మరెన్నో మారుమూల ఊళ్లకు పాకింది, ఒక లారీలో కూడా యంత్రాలు పెట్టారు. ఊళ్లో పండుగకో, చావుకో పెద్దవాళ్లు వచ్చివెళ్లటానికి. 2018లో జాతీయ ఆరోగ్య పథకం కింద ఆ ఖర్చు ఇవ్వటానికి ప్రభుత్వం ఒప్పుకుంది. పద్దు మంజూరు కావటానికి పద్దెనిమిదేళ్లు. మన డి.ఏ. బకాయిలు గుర్తొచ్చి నవ్వుతున్నారు, నాకు తెలుసు.

నేను చూసిన ప్రదర్శన కూడా ఇట్లా వచ్చినదే. 2010 ప్రాంతంలో ఆ ఎడారి పెద్దలే మ్యూజియంవారిని పిలిచి, మా పాటల దారి ముక్కలైపోతోంది, తెలిసినవాళ్లు పోతున్నారు, మళ్లీ అతకటానికి సాయం పట్టండి అన్నారు. పరాయివాళ్లకు చూపటం కన్నా తమ మనవలకు మిగలటం కోసం పైపొర విప్పారన్నమాట. నేను వెళ్లిన మూడోసారి, ఒక పెద్ద కాన్వాసు ముందు ఆదివాసి ముసలమ్మ ఒకావిడ, పక్కన పదేళ్ల పిల్ల. ఆవిడ బొమ్మకేసి చూడటం లేదు. గాలిలో వేలితో గీస్తూ మెల్లగా ఏదో పాడుతోంది. నేను వినవచ్చో లేదో తెలియక పక్క గదిలోకి వెళ్లిపోయాను.

టీలు వచ్చేశాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఇది డిసెంబరు గనుక ఒక్క మాట. బయటికి వెళ్లినప్పుడు తూర్పుకేసి తల ఎత్తండి. పిల్లలకోడి అప్పటికే బాగా పైకి వచ్చి ఉంటుంది. దాని వెనకాలే మన గొల్లకావడి పొడుస్తూ ఉంటుంది. ఆ చుక్కల్లోనే న్యీరు ఉన్నాడంటారు వాళ్లు, ఇంకా వెంటాడుతూనే ఉన్నాడట.